ఊట పైనున్న వాలును కూడా పథకంలో రాయాలి: పాడేరు మన్యంలో ఒక గ్రావిటీ నీటి పథకం, కేస్ స్టడీ

పాడేరు దాటి ఒడిశా సరిహద్దు వైపు వెళ్తే, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, బండి ఆగిపోయిన చోటు నుంచి రెండు గంటలు కొండ ఎక్కితే వచ్చే ఊరు ఇది. 34 ఇళ్లు, 150 మంది దాకా జనం. ఎక్కువమంది కోదు తెగవాళ్లు. ఇళ్లలో కువి మాట్లాడుకుంటారు, సంతలో ఆదివాసీ ఒడియా, మాతో తెలుగు. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే వాళ్ల భూమి తగాదాలు కూడా ఇందులో ఉన్నాయి, అవి బయటివాళ్ల నోళ్లలో నానడం వాళ్లకు మంచిది కాదు. నేను ఇలాంటి ఊళ్లలో ఊట నీళ్లను పైపుల్లో దించే పని చేస్తాను. ఇదే పనికి కొత్తగా వచ్చే ఇంజనీర్లు, సంస్థల కుర్రాళ్లు, పంచాయతీ వాళ్లు చదువుతారని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఈ ఊరు ఇన్నాళ్లూ ఎందుకు మిగిలిపోయిందో చెప్పాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఏజెన్సీ ప్రాంతాలకు 250 మంది జనాభా ఉంటే రోడ్డు ఇవ్వొచ్చు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఆ లెక్కను మరీ వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకు 100కి దించింది. కాగితం మీద ఈ ఊరు ఇప్పుడు అర్హమే, కానీ కొండ తవ్వి రోడ్డు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. రోడ్డు లేకపోతే బోరు లారీ రాదు. రోడ్డు ఉన్న కింది ఊళ్లో బోరు వేశారు, అందులో ఇనుము ఎక్కువ. బిందెలో రాత్రి పట్టిన నీళ్లు తెల్లారేసరికి ఎర్రటి తెట్టు కడతాయి, అన్నం రంగు మారుతుంది, బట్టలకు మరకలు. ఆ చేతిపంపు దగ్గర ఇప్పుడు పశువులు తప్ప ఎవరూ నిలబడరు. కొన్ని ఆవాసాల్లో సోలార్ మోటార్లు పెట్టారు. అవి బాగున్నంత కాలం బాగానే ఉంటాయి. కంట్రోలర్ కాలిపోతే మాత్రం దాన్ని విప్పి మోసుకుని కిందికి దిగాలి, బాగుచేసే మనిషి ఎక్కడో మైదానంలో ఉంటాడు, అతను ఫోన్ ఎత్తేసరికి వేసవి అయిపోతుంది.

అందుకే ఇలాంటి చోట గ్రావిటీ పథకమే మేలని నా గట్టి అభిప్రాయం. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, ఊట ఊరికంటే ఎత్తులో ఉంటే చాలు. అయితే ఇందులో పైపు వేయడం సులువైన భాగం. చాలా ఊళ్లలో పైపులు మిగిలి నీళ్లు పోయాయి, కారణం ఊట పైన ఉన్న వాలును ఎవరూ పథకంలో భాగంగా చూడకపోవడం. ఈ కేసులో ఎక్కువ శ్రమ పడింది ఆ వాలు గురించే.

ఊరి బతుకు ఎలా ఉంటుందో తెలియకుండా నీళ్ల లెక్క వేయలేం. కొండ వాలు మీద పోడు, అందులో చోళ్లు (రాగులు), సామలు, కందులు కలిపి. వానలు తగ్గే వేళకు రాజ్‌మా, చలి మొదలయ్యే నాటికి పసుపుపచ్చగా పూసే వలిసెలు. ఇంటికి ఎకరమో రెండెకరాలో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను సిల్వర్ ఓక్ చెట్లను విరగ్గొట్టి కాఫీ మీద పడేసినప్పుడు ఇక్కడ చాలా ఇళ్లు దెబ్బతిన్నాయి, ఆ మొద్దులు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. చేతికి డబ్బు వచ్చేది ఏడాదిలో కొద్ది నెలలే: రాజ్‌మా అమ్మినప్పుడు, కాఫీ అమ్మినప్పుడు, తర్వాత కొండచీపుర్లు, అడ్డాకులు, చింతపండు. వేసవి చివర, వానల మొదట్లో ఇంట్లో గింజలూ తక్కువే, డబ్బూ తక్కువే, ఊటలో నీళ్లూ తక్కువే. మూడూ ఒకేసారి తగ్గుతాయి. జ్వరాలు, విరేచనాలు మొదలయ్యేది కూడా ఆ తొలి వానలతోనే. ఈ సంగతి మనసులో లేకుండా మీటింగులు పెట్టేవాళ్లంటే నాకు కోపం.

ఊరికి నీళ్లు వచ్చేది ఒక చెలమ నుంచి. ఊరికి దిగువన, గెడ్డ (కొండవాగు) ఒడ్డున, నడుం లోతు గుంట. తెల్లవారుజామున చీకట్లోనే ఆడవాళ్లు దిగుతారు. ఒకామె గట్టు మీద కూర్చుని సొరబుర్రతో కొంచెం కొంచెంగా ముంచి, బిందె మూతికి చీర చెంగు కప్పి అందులోంచి వడపోస్తుంది. సగం బిందె నిండేసరికి చెలమ అడుగు కనిపిస్తుంది. అప్పుడు బుర్ర పక్కన పెట్టి ఆగాలి. ఇసుకలోంచి నీరు ఊరి మళ్లీ జానెడు లోతు కావాలి. వెనకాల పదిమంది అలాగే కూర్చుని ఉంటారు, కొంతమంది ఒళ్లో పిల్లలు. "నీళ్లు లేకేటి బాబూ, ఉన్నాయి. వంతే రాదు" అంది ఒక పెద్దామె. ఆ ఒక్క మాటలో సమస్య మొత్తం ఉంది. సర్వేల్లో 'నీటి వనరు ఉంది, దూరం అర కిలోమీటరు లోపు' అని రాసుకుని పోతారు. దూరం కొలుస్తారు, ఎంతసేపు కూర్చోవాలో కొలవరు. నిండు బిందెతో ఆ నిటారు దారి ఎక్కడం ఇంకొకటి. నెలలు నిండినవాళ్లు కూడా ఎక్కాల్సిందే.

ఊరికి పైన వేరే ఊట ఉందని వాళ్లకు తెలుసు. పశువుల కాపర్లు తాగుతారు, ఏటా దిసారి (ఊరి పూజారి) అక్కడ పూజ చేస్తాడు. తూర్పు కనుమల్లో ఈ ప్రాంతమంతా ఖోండలైట్ రాయి. పైన కొన్ని మీటర్ల మేర అది బాగా మగ్గి మెత్తబడి ఉంటుంది, వాన నీరు అందులో ఇంకుతుంది, కింద గట్టి రాయి తగలగానే ఆగి, వాలు వెంబడి పక్కకు నడిచి, ఎక్కడ ఆ రెండూ కలిసే గీత బయటపడితే అక్కడ ఊటగా వస్తుంది. అంటే ఊటలో నీరు ఎక్కడో లోతుల్లోంచి రాదు, నెత్తిమీదున్న ఆ వాలులోంచే వస్తుంది. వాలు మీద చెట్టు, మట్టి, ఆకుచెత్త ఎంత ఉంటే మే నెలలో ఊట అంత ఉంటుంది. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ కార్యక్రమం చేసింది ఈ పనే, ఊట పైన వాలుల్లో కందకాలు తవ్వి వాన నీటిని ఇంకించారు. మన కొండల రాయి వేరు, వాన తీరు వేరు, కానీ సూత్రం ఒకటే.

ఊటను ఆగస్టులో కొలిచి పథకం రాసిన ఊళ్లు నాకు తెలుసు. ఆగస్టులో ఏ ఊటైనా బ్రహ్మాండంగా ఉంటుంది. మేం మే నెల దాకా ఆగాం. ఊట మూతిని అరటి డొప్పతో ఒక ధారగా చేసి, పది లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్‌లో టైమ్ చూస్తే నిండడానికి 75 సెకన్లు. అంటే నిమిషానికి 8 లీటర్లు, గంటకు 480, రోజుకు సుమారు 11,500. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, 150 మందికి 8,250. సరిపోతుంది, కానీ మిగిలేది కొంచెమే. పైగా ఊరంతా నీళ్లు పట్టేది పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. కాబట్టి రాత్రంతా వచ్చేది నిల్వ ఉండాలి. రాత్రి తొమ్మిది గంటల్లో 4,300 లీటర్లు వస్తాయి, అందుకని 6,000 లీటర్ల ఫెర్రో సిమెంట్ (ఇనుప వల మీద సిమెంటు పూసి కట్టే) ట్యాంకు అనుకున్నాం. ఇంతకంటే పెద్ద ట్యాంకు కట్టడం దండగ, వేసవిలో అది ఎప్పటికీ నిండదు.

లెక్క సులువుగా తేలింది. అసలు చిక్కు వాలు దగ్గర వచ్చింది. ఊట పైన రెండు కుటుంబాలు పోడు చేస్తున్నాయి. ఒకరికి అటవీ హక్కుల పట్టా ఉంది, రెండో కుటుంబానికి లేదు, కానీ తాతల నాటి నుంచి వాళ్లే చేస్తున్నారు, ఊరంతా ఒప్పుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో కొట్టి కాలుస్తారు, జూన్‌లో తొలి వానకు బూడిద, బురద నేరుగా ఊట మీదికి దిగుతాయి. మొదటి మీటింగులోనే కొందరు మగవాళ్లు "అక్కడ పోడు ఆపించండి సార్" అని మమ్మల్ని అడిగారు. మేం ఆపించడం కుదరదన్నాం. ఆ రెండిళ్లకు ఆ వాలు మీద పండే చోళ్లే వానాకాలం తిండి. ఊరందరి నీళ్ల కోసం రెండిళ్ల గిన్నె తీసేయమనడం న్యాయం కాదు, చేసినా నిలవదు. రెండేళ్లకు వాళ్లు మళ్లీ గొడ్డలి పట్టుకుంటారు, అప్పుడు తప్పు పట్టలేం.

మాటలు చాలాకాలం సాగాయి. పట్టా ఉన్నాయన భార్య ఒక సాయంత్రం నిప్పు దగ్గర కూర్చుని చెప్పిన మాటతో దారి దొరికింది. "నాకు వాలు మొత్తం వద్దు, కింద చదునున్న ముక్క ఇస్తే చాలు, అక్కడ చోడి పండదా" అంది. ఊరికి ఉమ్మడిగా ఉన్న ఒక పాత బంజరు ముక్కను ఆ రెండిళ్లకు వదిలారు. ఊట పైన నేరుగా పడే వాలులో పోడు మానేసి సిల్వర్ ఓక్, పనస, నేరేడు, వాటి కింద కాఫీ వేయాలని, ఆ చెట్ల ఫలం ఆ రెండిళ్లదేనని, నరకడం మాత్రం ఊరు ఒప్పుకుంటేనే అని రాసుకున్నారు. కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మధ్య కాలం ఎలా గడుస్తుందన్నదే వాళ్ల టెన్షన్, అది న్యాయమైనదే. కాంటూరు వెంట, అంటే వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో, కందకాలు తవ్వే ఉపాధి హామీ కూలి మొదట ఆ రెండిళ్లకే రావాలని, కందకాల గట్ల మీద రాజ్‌మా వేసుకోవచ్చని తీర్మానంలో పెట్టారు. కొందరు అధికారులు నీలగిరి మొక్కలు ఇస్తామన్నారు, తొందరగా పెరుగుతాయని. వద్దన్నాం. ఊట నెత్తిన నీళ్లు తాగే చెట్టు పెట్టడం కంటే ఖాళీగా వదిలేయడం నయం.

ఇంకో పక్క కింది ఊరివాళ్లు. ఈ ఊట నీళ్లే గెడ్డలో కలిసి వాళ్ల వరి మడులకు పోతాయి. పైపు వేస్తున్నారని తెలియగానే నలుగురు పెద్దలు ఎక్కి వచ్చారు. వాళ్ల భయం నిజమైనదే. వాళ్లను ఊట దగ్గరికే తీసుకెళ్లి బకెట్ లెక్క కళ్లముందు చేసి చూపించాం. రోజుకు పదివేల లీటర్లు మడులకు పెద్ద నీరు కాదు, వరి కాలంలో గెడ్డలో అంతకు ఎన్నో రెట్లు పారుతుంది, వేసవిలో మడుల్లో పంట ఉండదు. ఊట దగ్గర కట్టే పెట్టె నుంచి, ట్యాంకు నుంచి పొర్లిన ప్రతి చుక్కా మళ్లీ గెడ్డలోకే వదులుతామని ఇరు ఊళ్ల ముందు మాట ఇచ్చాకే వాళ్లు దిగిపోయారు. పొర్లు పైపుకు వాల్వు పెట్టకపోవడం అందుకే. వాల్వు ఉంటే ఎవరో ఒకరు మూసేస్తారు.

అనుమతుల గురించి ఒక మాట, చాలామందికి తెలియదు కాబట్టి. ఊట అడవి భూమిలో ఉందని పని ఆపేసిన చోట్లు ఎన్నో. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి వాటితో పాటు తాగునీటి సరఫరా, నీటి పైపులైన్లు కూడా ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే అనుమతి ఇవ్వొచ్చు. మా పైపు కందకం అడుగున్నర వెడల్పు, ఒక్క చెట్టూ కొట్టలేదు. గ్రామసభ తీర్మానం ఊరివాళ్లే కూర్చుని రాయాలి, ఆడవాళ్ల వేలిముద్రలు కూడా ఉండాలి, ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ కాగితం ఒక కాపీ ఊళ్లో, ఒక కాపీ మన దగ్గర. అధికారులు మారతారు, ఫైళ్లు పోతాయి.

ఎత్తులు కొలవడానికి ఫోన్‌ను నమ్మొద్దు. కొండల్లో, చెట్ల కింద అది పది ఇరవై మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, గ్రావిటీ పనిలో మూడు మీటర్ల తేడా వచ్చినా ట్యాంకులోకి నీళ్లు ఎక్కవు. మేం పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి, రెండు కర్రలకు కట్టి, మెట్టు మెట్టుగా కొలిచాం. నెమ్మదిగా సాగే పని, కానీ ఊరి కుర్రాళ్లు ఒక్క పూటలో నేర్చేసుకున్నారు, ఆ తర్వాత పైపు ఎక్కడ పైకి పోతోందో ఎక్కడ కిందికి పోతోందో వాళ్లే చెప్పేవాళ్లు. ఊట నుంచి ట్యాంకు 70 మీటర్లు దిగువ, పైపు పొడవు 1,400 మీటర్లు, మధ్యలో ఒక గెడ్డ దాటాలి, ఆ గెడ్డ అడుగు ఊట కంటే 95 మీటర్లు దిగువ. పది మీటర్ల ఎత్తు నీరు అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. 95 మీటర్లకు తొమ్మిదిన్నర కిలోలు. ఆరు కిలోల ఒత్తిడి తట్టుకునే పైపు వేస్తే గెడ్డ దగ్గర పగులుతుంది, పది కిలోల పైపు మొత్తం వేస్తే బరువు, ఖర్చు రెండూ ఎక్కువ. ఊటకు 45 మీటర్ల దిగువన ఒక చిన్న తెరిచిన పెట్టె కట్టాం. నీరు అందులో పడగానే ఒత్తిడి సున్నా అయి అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది, అప్పుడు గెడ్డ దగ్గర ఐదు కిలోలే. 40 మిల్లీమీటర్ల ఆరు కిలోల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు చాలింది.

వేసవిలో ధార సన్నగా ఉంటుంది కాబట్టి పైపులో గుట్టలా పైకి లేచిన చోటల్లా గాలి చిక్కుకుని నీళ్లు ఆగిపోతాయి, నెమ్మదిగా పోయే నీటికి ఆ గాలిని తోసుకుపోయే బలం ఉండదు. వానాకాలంలో బాగా వచ్చి వేసవిలో 'ఊట ఎండిపోయింది' అని చెప్పే పథకాల్లో కొన్నింటికి అసలు జబ్బు ఇదే. సాధ్యమైనంత వరకు పైపును కొండ చుట్టూ ఒకే వాటంగా దించాం, తప్పని రెండు చోట్ల గాలి వాల్వులు, గెడ్డ అడుగున మట్టి కడిగేసే వాల్వు పెట్టాం.

సామాను మోత గురించి చెప్పనక్కర్లేదు. వంద మీటర్ల పైపు చుట్టను కర్రకు వేలాడదీసి ఇద్దరు ఎత్తారు, రోగుల్ని డోలీ కట్టి దించేటప్పుడు వాడే కర్రే అది. సిమెంటు బస్తాలను సగం సగం సంచుల్లో పోసుకున్నారు. ఇసుక గెడ్డలోదే, మట్టి పోయేదాకా కడిగి వాడాం. జల్ జీవన్ మిషన్‌లో కొండ ప్రాంతాల, గిరిజనుల ఊళ్లు భరించాల్సిన వాటా ఐదు శాతం, దాన్ని కూలి రూపంలో కూడా ఇవ్వొచ్చు. నిజం చెప్పాలంటే ఈ ఊరు మోసిన బరువుకు సరిగా కూలి కడితే వాళ్ల వాటా అంతకంటే చాలా ఎక్కువ అవుతుంది, ఆ మాట ఎస్టిమేట్లలో ఎక్కడా కనపడదు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి తాడు కట్టి వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు, ఆ రోజుల్లో పని అడగకూడదు. కాఫీ కోత రోజుల్లో అడగకూడదు. జనవరి తెల్లవారుజామున ఇక్కడ చలికి చేతులు కొంకర్లు పోతాయి, కందకం పని ఎండ వచ్చాకే. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఫిబ్రవరి, మార్చి, కొంచెం మే.

ఊట పెట్టె కట్టడం మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం, ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది. ముందు దిసారి కోడిని కోసి పూజ చేశాడు, రాయి మీద దేవత ఉన్న చోటు చూపించి అక్కడ సిమెంటు తగలకూడదన్నాడు, పెట్టెను రెండడుగులు పక్కకు జరిపాం. తర్వాత బురద తీసుకుంటూ గట్టి రాయి తగిలేదాకా వెనక్కి తవ్వాం. నీళ్లు ఒక్క చోట నుంచి రావడం లేదు, మూడు చోట్ల నుంచి చెమర్చినట్టు వస్తున్నాయి. ఇలాంటప్పుడు ఎదురుగా గోడ కట్టి నీటిని పైకి లేపాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా లేపితే వెనక ఒత్తిడి పెరిగి ఊట వేరే దారి చూసుకుంటుంది, మళ్లీ తిరిగి రాదు. నీటి మట్టం ఊట కన్నుల కంటే ఎప్పుడూ కిందే ఉండాలి. కన్నుల దగ్గర పెద్ద రాళ్లు, వాటి ముందు గులకరాళ్లు, ఆపైన కడిగిన ఇసుక, మధ్యలో చీలికలు కోసిన పైపు. పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద బంకమట్టి తొక్కి, మట్టి కప్పి గడ్డి పెట్టాం. పెట్టెకు పైన వాన నీరు పక్కకు పోయేలా కాలువ, చుట్టూ పశువులు రాకుండా కంచె. ఇసుక ఎలా కడుగుతారో మూడుసార్లు చేయించి చూశాకే ఆడవాళ్ల సంఘానికి తాళం ఇచ్చాం.

మొదటి గొడవ కాఫీ కాలంలో వచ్చింది. పండు కోసిన రోజే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే పార్చ్‌మెంటు (పలచని పొట్టుతో ఉన్న గింజ) అవుతుంది, దానికి పండుగానే ఆరబెట్టిన చెర్రీ కంటే మంచి ధర. కడగడానికి నీళ్లు కావాలి. ఇంటి ముందు కొళాయి వచ్చేసరికి నలుగురైదుగురు తొక్క తీసే పల్పింగు మిషన్ కొళాయి దగ్గరే పెట్టేశారు. పొద్దున పది గంటలకే ట్యాంకు ఖాళీ, కింది వీధికి చుక్క లేదు. పైగా ఆ పులిసిన తొక్క నీళ్లు కాలువలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి, కింది ఊరి పశువులు తాగే చోటికి. సంఘంలో అక్కాచెల్లెళ్లే జుట్లు పట్టుకునేదాకా వెళ్లారు. చివరికి ఊరే తేల్చింది: పల్పింగు ఇళ్ల దగ్గర చేయకూడదు, ట్యాంకు నుంచి పొర్లిన నీటిని ఊరి దిగువన ఒక తొట్టిలోకి మళ్లించి అందరూ అక్కడే వంతుల వారీగా చేసుకోవాలి, తొక్క గుంటలో వేసి ఎరువు చేయాలి. ఆ తొట్టి మా ప్లానులో లేదు, ఇలాంటి ఊరికి మళ్లీ ప్లాను గీస్తే మొదటే పెడతాను.

నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అంటే, వేసవిలో ఉన్నాయి. హెచ్2ఎస్ సీసాలో నీళ్లు పోసి వెచ్చగా పెడితే మలినం ఉన్నప్పుడు నల్లబడుతుంది. పాత చెలమ నీళ్లు ఒక్క రాత్రికే నల్లబడ్డాయి, కొత్త కొళాయి నీళ్లు మేలో తేటగా ఉన్నాయి. తొలి వానల తర్వాత పెట్టిన సీసా మాత్రం మళ్లీ రంగు మారింది. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా బ్లీచింగు తప్పదు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు, అంటే మా ట్యాంకుకు 15 గ్రాములు, బకెట్లో కలిపి తేరుకున్న నీళ్లు పోసి గంట ఆగాలి. గ్రాముల తూకం ఎక్కడిది? అగ్గిపెట్టెతో కొలత కట్టి గుర్తు పెట్టాం. మందు వాసన వస్తోందని చాలామంది మొదట ఒప్పుకోలేదు. రాత్రి నీళ్లు పట్టే పని అయిపోయాక వేస్తే తెల్లారేసరికి వాసన తగ్గుతుందని అంగన్‌వాడీ అమ్మాయి చూపించాక కొంత కుదిరింది. పౌడరు చెమ్మ తగిలితే పనికిరాదు, ఈ కొండల్లో వానాకాలం ప్రతిదీ చెమ్మే, మూత బిగువుగా ఉన్న డబ్బాలో పొయ్యికి కొంచెం దగ్గరగా అటక మీద పెట్టుకోవాలి.

మరమ్మతు డబ్బులు నెల నెలా ఇంటికి ఇంత అని వసూలు చేయమని మాన్యువల్స్ చెబుతాయి. ఈ ఊళ్లో నెల నెలా ఎవరి దగ్గరా డబ్బు ఉండదు. కాఫీ అమ్మిన వారంలో ఇంటికి 200 రూపాయలు ఒకేసారి కట్టాలని పెట్టుకున్నారు, లేనివాళ్లు కందకాల పూడిక తీతలో ఒక రోజు అదనంగా పని చేయాలి. రెంచి పట్టడం ఇద్దరికి నేర్పాం. ఒక కుర్రాడు, ఒక సంఘం సభ్యురాలు. కుర్రాళ్లు డిసెంబరు దాటాక విశాఖ, హైదరాబాద్, చెన్నై పనులకు దిగిపోతారు, అనుకున్నట్టే అతనూ పోయాడు. ఇప్పుడు వాల్వులన్నీ ఆమె చేతిలోనే. జాయింటు వేడి చేసి అతికించడం ఆమెకు నాకంటే శుభ్రంగా వస్తుంది.

పాడయినవి కూడా చెప్పాలి. రాతి మీద కందకం తవ్వలేక పైకి వదిలేసిన నలభై మీటర్ల పైపు మొదటి ఏప్రిల్‌లో పక్క కొండ నుంచి వచ్చిన పోడు నిప్పుకు కరిగిపోయింది. అక్కడ ఇప్పుడు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు ఉంది. ఇంకోచోట కాపర్లు ప్రతి వారం పైపుకు కన్నం పెట్టేవాళ్లు. వాళ్ల మీద కేసు పెడతామని ఒకరిద్దరు ఊగిపోయారు. ఆ కాపర్లు అంతకు ముందు ఊట దగ్గరే తాగేవాళ్లు, మనం పెట్టెకు తాళం వేశాం, వాళ్లెక్కడ తాగాలి? అదే చోట ఒక కొళాయి, కింద పశువులకు రాతి తొట్టి పెట్టాం. కన్నాలు ఆగిపోయాయి.

ఊళ్లో మారినవి కొన్ని కళ్లకు కనిపిస్తాయి. తెల్లవారుజాము చెలమ దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. కట్టెలు, రాజ్‌మా బస్తాలు దాచుకునే గదులుగా మారిన మరుగుదొడ్లలో కొన్నింటిని ఖాళీ చేసి వాడుతున్నారు, నీళ్లు మోసి తెచ్చుకునే ఊళ్లో మరుగుదొడ్డి వాడమని ఉపన్యాసాలు ఇవ్వడం ఎంత దండగో ఇది చూస్తే తెలుస్తుంది. బాలింతల ఇళ్లలో వేడి నీళ్ల గుండిగ రోజంతా పొయ్యి మీద ఉంటోంది. మారనివీ ఉన్నాయి. నొప్పులొస్తే ఇప్పటికీ డోలీయే. వానాకాలం గెడ్డ పొంగితే అటువైపు దాటేవాళ్లు ఉండరు, అందుకే నెలలు నిండకముందే గర్భిణుల వసతి గృహానికి దించమని ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారని చాలామంది దిగరు. నీళ్ల పని చేసే మాకు ఆ ప్రశ్నకు జవాబు లేదు, కానీ ఆ ఊరికి రోడ్డు రాయమని ప్రతి మీటింగులో అడగడం మా పని కూడా అనుకుంటాను.

తేలని పని ఒకటి మిగిలింది. ఊరికి పైన, ఊట కంటే ఎత్తులో 9 ఇళ్ల చిన్న వాడ ఉంది. గ్రావిటీతో వాళ్లకు చుక్క ఎక్కదు. కింది వాడ ఆడవాళ్లు కొళాయి తిప్పుకుంటుంటే ఈ 9 ఇళ్లవాళ్లు ఊట పెట్టె పొర్లు దగ్గరికి బిందెలతో దిగి మళ్లీ ఎక్కుతున్నారు. గెడ్డలో ఒక చోట నీరు నాలుగు మీటర్లు నిలువుగా పడే పాటు ఉంది. అక్కడ హైడ్రామ్ పెడితే, పడే నీటి బలంతోనే కొంత నీటిని కరెంటు లేకుండా పైకి తోయొచ్చు. నాలుగు మీటర్ల పాటుతో నలభై మీటర్లు ఎక్కించాలంటే, అరవై శాతం సామర్థ్యం అనుకున్నా వచ్చిన నీటిలో ఆరు శాతమే పైకి పోతుంది, మిగతాది గెడ్డలోకే తిరిగి వస్తుంది. ఆ 9 ఇళ్లకు అది చాలు, కానీ గెడ్డలో వేసవి ధార నిమిషానికి కనీసం పాతిక లీటర్లు ఉండాలి, వాల్వు రబ్బరు ఏడాదికి ఒకటి రెండుసార్లు మార్చాలి, రోజంతా అది టకటకమంటుంది. దాన్ని పెట్టేది కింది ఊరివాళ్ల మడుల ఎగువన, కాబట్టి ఈ సంక్రాంతి దాటాక ముందు వాళ్లతోనే మాట్లాడాలి. 9 ఇళ్లవాళ్లు అప్పుడే పాటు దగ్గర పొదలు కొట్టి దారి చేసి పెట్టారు.